గోపాల్‌పూర్ తీరంలో అడుగు నీళ్లూ కొలవాలి

గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర నిలబడితే తెలుగు మాటలు బాగా వినిపిస్తాయి. ఒడిశాలోని గంజాం జిల్లాలో తరతరాలుగా సముద్రాన్ని నమ్ముకున్న మన జాలర్లు వీళ్లు. వీళ్లు పట్టే పీత, రొయ్య, టేకు చేప బతికేది అడుగున. సముద్రపు నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందన్న మాట వస్తే మాత్రం అందరం పైనీళ్ల గురించే మాట్లాడుకుంటాం. నా అభ్యంతరం అక్కడే.

వానలయ్యాక ఋషికుల్య నది తెచ్చిన మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద పరుచుకుంటాయి. మూత పెట్టినట్టే, పై గాలి కిందికి అందదు. పైన పెరిగిన నాచు చచ్చి, అడుగుకు చేరి కుళ్లుతూ అక్కడున్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అదే నాచు బతికుండగా ఎండలో ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం పైనీళ్లలో ఆక్సిజన్ నిండుగా కనిపిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం చేపల వేట సాగే తీర జలాల్లో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. 2 కంటే తగ్గితే చేప పారిపోతుంది, పారిపోలేనిది చస్తుంది. పైన 6 ఉన్నంత మాత్రాన అడుగున 2 ఉండదని చెప్పలేం.

అడుగు నీళ్లు తియ్యడం ఓపిక పని. రెండు వైపులా తెరిచిన గొట్టంలాంటి సీసాను తాడుతో దించి, తాడు వెంట చిన్న బరువు వదిలితే అది తగిలి మూతలు టక్కున పడతాయి. సీసా నేలకు తగిలితే బురద లేచి నమూనా పాడవుతుంది. అలల మీద పడవ ఊగుతుంటే అడుగుకు మీటరు ఎత్తున దాన్ని ఆపడమే అసలు కష్టం. పైకి తెచ్చాక బుడగ చేరకుండా గాజు బుడ్డిలోకి నింపి మందులు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఆ తెలుపు చూస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఇప్పుడు సెన్సర్లున్నాయి గానీ, అడుగున వదిలేస్తే వాటికీ పాచి, గవ్వలు పట్టి లెక్క తప్పుతుంది. తరచూ తీసి శుభ్రం చేసే మనిషి ఉండాల్సిందే.

జపాన్‌లోని టోక్యో అఖాతంలో ఒడ్డు నుంచి గాలి వీచినప్పుడు ఆక్సిజన్ లేని అడుగు నీళ్లు పైకి లేచి ఆల్చిప్పలను చంపేస్తాయి. గోపాల్‌పూర్ అలాంటి మూసుకున్న అఖాతం కాదు, తెరిచిన తీరం. అయినా బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల కింద ఆక్సిజన్ బాగా తక్కువ. వేసవి మొదట్లో గాలి తీరం వెంట ఈశాన్యానికి వీచే రోజుల్లో ఆ చల్లని నీళ్లు ఒడ్డు వైపు ఎగబాకుతాయి. కొలవాల్సిన కాలం అదీ, వానల తర్వాతిదీ. అదీ తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే.

బెర్హంపూర్ విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర విభాగం ఉంది, పడవలూ దారి తెలిసిన సరంగులూ పక్కనే ఉన్నారు. ప్రతి అంకె పక్కన నమూనా తీసిన లోతు, వేళ రాయాలి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని తెలుగులో, ఒడియాలో ఇస్తూనే ఉంది. అడుగు ఆక్సిజన్ అంకె కూడా అదే దారిలో ఈ రేవులకు చేరాలి.