మోవాను మళ్లీ పుట్టిస్తారట, మరి గుడ్డు ఎక్కడిది?

అమెరికాకు చెందిన కొలోసల్ బయోసైన్సెస్ కంపెనీ 2025 జులైలో ఓ ప్రకటన చేసింది. న్యూజిలాండ్‌లో దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట అంతరించిన ఎగరలేని భారీ పక్షి జెయింట్ మోవాను మళ్లీ పుట్టిస్తామంది. సినీ దర్శకుడు పీటర్ జాక్సన్ ఇందుకు అండగా నిలిచారు. ఆ దేశపు దక్షిణ దీవి మూలవాసులు, మావోరీలైన న్గాయ్ తాహు తెగ వారి పరిశోధన కేంద్రం కూడా చేయి కలిపింది. ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి, జన్యుపటం పూర్తి చేసి, ఆ తర్వాత పక్షిని తయారు చేయాలన్నది ప్లాన్. డీఎన్ఏ దాకా వాళ్లు చెప్పేది నమ్మొచ్చు. నా అనుమానమంతా గుడ్డు దగ్గరే.

గొర్రెను క్లోనింగ్ చేసినట్టు పక్షిని చేయలేం. పక్షి అండం అంటే పెద్ద పచ్చసొన ముద్ద. అందులో కేంద్రకాన్ని వెతికి తీసి, ఇంకోటి పెట్టి, మళ్లీ తల్లి కడుపులోకి పంపడం ఇప్పటిదాకా కుదరలేదు. అందుకే వేరే దారి పడుతున్నారు. బతికున్న మరో జాతి పక్షి పిండంలోకి జన్యువులు మార్చిన బీజకణాలు (అండంగానో వీర్యంగానో మారే కణాలు) పంపి, అది పెద్దయ్యాక దాని ద్వారా గుడ్లు పెట్టించాలి. మోవాకు అతి దగ్గరి బంధువు దక్షిణ అమెరికాలోని టినమూ. అది మన కోడి పాటి పిట్ట. కాబట్టి ఈమూ వైపు చూడాల్సి వస్తోంది. కానీ ఈమూ గుడ్డులో అర లీటరుకు కాస్త ఎక్కువ పడుతుంది. న్యూజిలాండ్‌లోని కైకోరాలో 1857లో దొరికిన మోవా గుడ్డు పొడవు 24 సెంటీమీటర్లు. లెక్క వేస్తే దాదాపు నాలుగు లీటర్లు. పచ్చసొన ఎంత ఉండాలి, పెంకు ఎంత మందం ఉండాలి అన్నది తేల్చేది గుడ్డు పెట్టే తల్లి ఒళ్లు. ఈమూ కడుపులోంచి ఈమూ గుడ్డే వస్తుంది. అందులో మోవా పిల్లకు తిండీ చాలదు, చోటూ చాలదు.

పెంకు సంగతి ఇంకా ఆశ్చర్యం. జెయింట్ మోవా ఆడపక్షి బరువు రెండొందల కిలోలు దాటేది. దాని గుడ్డు పెంకు మందం మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా ఉండదు. అంత బరువు దాని మీద ఎలా కూర్చుంది? 2010లో కొన్ని మోవా జాతుల పెంకుల బయటివైపు అంటుకున్న డీఎన్ఏను పరీక్షిస్తే మగ పక్షులదని తేలింది. ఆడదానికంటే బాగా చిన్నగా ఉండే మగదే పొదిగేదన్నమాట. రేపు ల్యాబ్‌లో కృత్రిమ గుడ్డు తయారు చేసి పిల్లను లేపినా, అంత పల్చటి పెంకు మీద నేర్పుగా కూర్చోవడం దానికి ఏ తండ్రి చూపిస్తాడు?

అసలు ఈ పక్షులు పోయిందే గుడ్డు దగ్గర. మోవాలు ఎదగడానికే ఏళ్లు పట్టేవి, ఈతకు ఒకటో రెండో గుడ్లు పెట్టేవి. 13వ శతాబ్దంలో మనుషులు పడవల్లో వచ్చేదాకా వాటికి అది సరిపోయింది. ఆకాశం నుంచి వచ్చే గద్ద తప్ప నేల మీద పెద్ద శత్రువు లేదు మరి. మనుషులు పక్షినీ తిన్నారు, గుడ్డునూ తిన్నారు. నూటయాభై ఏళ్లు తిరిగేసరికి తొమ్మిది జాతులూ పోయాయి. దక్షిణ దీవి తీరంలోని వైరావ్ బార్ అనే చోట 1939లో జిమ్ ఐల్స్ అనే 13 ఏళ్ల కుర్రాడికి తవ్వకంలో ఓ సమాధి, దాంట్లో మోవా గుడ్డు దొరికాయి. పెంకుకు బెజ్జం పెట్టి నీళ్ల పాత్రగా వాడుకున్నారు. పోయిన మనిషి పక్కన పెట్టారంటే దాన్ని ఎంత విలువైనదిగా చూసుకున్నారో తెలుస్తుంది. విలువ తెలిసినవాళ్ల చేతుల్లోనే ఆ జాతి అంతరించింది.

ఉత్తర అట్లాంటిక్ దీవుల్లోని ఎగరలేని సముద్రపక్షి గ్రేట్ ఆక్ కథలో జాలి కూడా మిగల్లేదు. ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ ఉత్త బండ మీద. అరుదైపోయేకొద్దీ సేకరించేవాళ్లకు మోజు పెరిగింది. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే దీవిలో చివరి జంటను చంపారు, వాటి గుడ్డు పగిలిపోయింది. ఇప్పుడు లోకంలో ఆ జాతివి 75 దాకా గుడ్లున్నాయి, బతికున్న పక్షి ఒక్కటీ లేదు.

మడగాస్కర్‌లో అంతరించిన ఏనుగు పక్షి గుడ్డయితే అన్నిటికంటే పెద్దది. పెద్ద గుడ్డులో ఎనిమిది నుంచి పది లీటర్లు, అంటే సుమారు నూటయాభై కోడిగుడ్ల పెట్టు. 2013లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో ఒకటి 66,675 పౌండ్లకు అమ్ముడైంది. నాకు ఆ ధర కంటే దక్షిణ మడగాస్కర్ ఇసుకలో దొరికే పెంకు ముక్కలే గొప్పవి. అక్కడి వేడికి ఎముకల్లో డీఎన్ఏ నిలవదు, మందపాటి పెంకులో మాత్రం దాక్కుంటుంది. 2023లో పెంకుల డీఎన్ఏ నుంచే ఆ దీవి ఉత్తరాన వేరే వంశం ఏనుగు పక్షులు ఉండేవని బయటపడింది. షోకేసులో పెట్టిన నిండు గుడ్డు ఇంత కబురు చెప్పలేదు.

ఏనుగు పక్షికి అతి దగ్గరి బంధువు పక్కనున్న ఆఫ్రికా నిప్పుకోడి కాదు, న్యూజిలాండ్ కివీ అని 2014లో తేలింది. కివీ గుడ్డు తల్లి బరువులో ఇంచుమించు అయిదో వంతు ఉంటుంది. కాపలా లేని అడవుల్లో కివీ పిల్లల్లో నూటికి తొంభై అయిదు పెద్దవి కాకముందే చస్తాయి. మనుషులు తెచ్చి వదిలిన, ముంగిసలా ఉండే వేట జంతువులు స్టోట్‌లే అందుకు ముఖ్య కారణం. అందుకే 1994 నుంచి అడవి గూళ్లలోని గుడ్లు తెచ్చి ఇంక్యుబేటర్లలో పొదిగించి, పిల్లలు తమను తాము కాపాడుకునేంత అయ్యాక వదులుతున్నారు. ఎగరలేని చిలుక కాకాపో 1995లో 51 మాత్రమే. గుడ్డు గుడ్డునూ కాచుకుంటే 2022కి 252 అయ్యాయి. ఇప్పటికీ వాటి గుడ్లలో చాలావాటిలో ప్రాణం ఉండదు. చుట్టరికంలోనే జతకట్టడం దానికి ఒక కారణం.

మోవా ప్రయత్నం ఆపేయమని నేను అనను. కృత్రిమ గుడ్డు నిజంగా సాధిస్తే పెంకు చిట్లిన కాకాపో గుడ్డును కూడా కాపాడొచ్చు. కానీ వరస మారాలి. న్యూజిలాండ్ అడవుల్లోని రిము చెట్లు విరగకాసిన ఏడాదే కాకాపోలు గుడ్లు పెడతాయి, అదీ రెండు నుంచి నాలుగేళ్లకోసారి. ఆ పరిజ్ఞానం, ఆ డబ్బు ముందు అలాంటి ఏడాదికి అందాలి. మోవా ప్రాజెక్టుతో చేతులు కలిపేవాళ్లు ఒప్పందంలోనే ఈ షరతు రాయించుకోవాలి.