కనిగిరి నీళ్ల మీద పనిచేసే కుర్ర డాక్టర్లు కావాలి

యువ వైద్య పరిశోధకులకు పరిశోధన కోసం ఇచ్చే ఆర్థిక సాయం, అదే ఫెలోషిప్‌ల గురించి మంచి వ్యాసం రాశారండీ. మాది కనిగిరి వైపు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మనుషుల్లో దాని గురించి మన దేశం నుంచి తొలిసారి వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. మా ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. గార పట్టిన పళ్లు, వంగని నడుములు మా ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. దీని మీద పరిశోధన చేసే కుర్ర డాక్టర్లు మాకు కావాలి.

వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థ, 2008లో మొదలైన ఇండియా అలయెన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. డాక్టర్లకు విడిగా ఫెలోషిప్‌లూ ఇచ్చింది. కానీ పొద్దుటి నుంచీ ఓపీలో తలమునకలయ్యే కుర్ర డాక్టరు ఫెలోషిప్‌కి అప్లికేషన్ ఎప్పుడు రాస్తాడు? డబ్బు కన్నా ముందు అతనికి వారంలో రెండు రోజులైనా వేరే డ్యూటీ లేకుండా చూడాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో దగ్గరుండి రాయించే సీనియర్ ఒకరుంటే ఇంకా మేలు.