గుంజ లేచింది, పక్కకు జరగండి

మహబూబ్‌నగర్‌కు ఇక ఏ భయమూ లేదు. మా వీధి చివర ఉన్న షాపింగ్ కాంప్లెక్స్ గేటులో, భూమిలోంచి వాటంతట అవే లేచే మూడు ఇనుప గుంజలు పాతారు. ఇంగ్లిష్‌లో బొల్లార్డులట. కారు రాగానే దిగుతాయి, పోగానే లేస్తాయి.

లోపల రెండు చీరల దుకాణాలు, ఒక మొబైల్ షాపు, ఒక టిఫిన్ సెంటరు ఉన్నాయి. ఇంత ఐశ్వర్యాన్ని ఇన్నేళ్లూ ఒక తాడు, ఒక ముసలి వాచ్‌మన్ ఎలా కాపాడారో!

పైగా ఇవి ఎం50 రకమట. అంటే 6,800 కిలోల ట్రక్కు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినా ఆపాలి. అమెరికా వాళ్ల పరీక్ష అది. మా వీధిలో ట్రక్కు 80 అందుకోవాలంటే ముందు పానీపూరీ బండిని, రెండు స్పీడ్ బ్రేకర్లను, పైపు కోసం తవ్వి పూడ్చని గుంతను దాటాలి. ఇవన్నీ దాటి వచ్చాడే అనుకుందాం. గేటు పక్కన కాంపౌండు గోడ కూలి ఆరు నెలలైంది. అటు నుంచి పోతాడు. బైకులన్నీ అటే పోతున్నాయి.

రోడ్డు కింద తీగ చుట్ట ఒకటి ఉంటుంది. పైన కారు నిలబడితే ఆ ఇనుమును పసిగట్టి గుంజను లేవనీయదు. బర్రెను మాత్రం పసిగట్టదు, దాని ఒంట్లో ఉన్న ఇనుము చాలదు. మొన్న మంగళవారం ఒక బర్రె సరిగ్గా నడిమి గుంజ మీద నిలబడి నెమరు వేస్తోంది. గుంజ మెల్లగా లేచి దాని పొట్టకు తగిలింది. అది తల తిప్పి ఒకసారి చూసింది. ఎన్నాళ్ల దురదో ఏమో, కళ్లు అరమోడ్చి పొట్ట రుద్దుకోవడం మొదలుపెట్టింది. వెనక సేటు బావమరిది కారు, ఆగని హారన్. వాచ్‌మన్ రిమోట్ నొక్కాడు. గుంజ దిగింది. బర్రె దిగాలుగా కిందికి చూసి, మళ్లీ లేస్తుందని అక్కడే నిలబడింది. దింపితే కదలదు, లేపితే అసలే కదలదు. చాయ్ బండి పిల్లగాడు అరిచాడు: "కాకా, దానికి గూడ నెల పాస్ ఇయ్యిర్రి!"

తర్వాత వాన పడింది. గుంజ దిగే గుంతలోంచి నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి. కాంట్రాక్టరు పెట్టలేదు. గుంత బావి అయింది, పాలమూరుకు కరువు జిల్లా అన్న పేరు ఆ గేటు దగ్గర మాత్రం చెరిగిపోయింది. మోటారు మునిగింది. 2018లో పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించిన ఊరు మాది, మోటారుకూ ఎక్కిస్తారేమోనని చూశాను. ఈలోగా పిచ్చెక్కిన గుంజ, సేటు బావమరిది కారు కిందే లేచింది. బంపర్ ఊడింది.

ఆ బంపర్ డబ్బులు వాచ్‌మన్ జీతంలో కోశారు. నెలకు తొమ్మిది వేలు, రోజుకు పన్నెండు గంటలు. అందులో రెండు వేలు కోత. గుంత సరిగ్గా కట్టని కాంట్రాక్టరుకు పైసా కోత లేదు. కరెంటు పోతే గుంజను చేత్తో దింపే తాళంచెవి సేటు బీరువాలో, తిట్లు మాత్రం ఈయనకు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని కూడా, కొత్త గేటు ముందు బాగాలేదని తీసేశారు. ట్రక్కును ఆపే ఇనుము కొన్నారు కదరా, అరవై ఏళ్లు దాటిన మనిషి కూర్చోవడానికి మూడు వందల కుర్చీ బరువైందా మీకు? సిగ్గు లేదా?

ఇప్పుడు నడిమి గుంజ సగం లేచి ఆగిపోయింది. సరిగ్గా కుర్చీ ఎత్తు. ఆయన దాని మీద తువ్వాల మడిచి వేసుకుని కూర్చుంటున్నాడు. రిపేరు చేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలట. నెమ్మదిగా రానీయండి.