సంతకం లేని సిగ్నల్

(విశాఖ మురళీనగర్‌లో ఒక డాబా. మేనకోడలు ఇంజినీరింగ్ విద్యార్థిని. మావయ్య విమానాశ్రయ రేడియో పరికరాల మీద పనిచేసి రిటైరయ్యారు. ఆమె ల్యాప్‌టాప్‌కి చిన్న యూఎస్‌బీ రిసీవర్ తగిలించి ఉంది.)

మేనకోడలు: చూడండి మావయ్యా, హైదరాబాద్ ఫ్లైట్ ఎత్తు, వేగం, నంబరు అన్నీ వచ్చేస్తున్నాయి. తాళమే లేదు.

మావయ్య: ఉండకూడదమ్మా. ఏడీఎస్-బీ అంటేనే 1090 మెగాహెర్ట్జ్‌లో విమానం తనంతట తానే నేనిక్కడున్నానని అందరికీ చెప్పడం. పక్క విమానమూ వినాలి, ఏ దేశం టవరైనా వినాలి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు బోర్డుకి గుడ్డ కప్పుతారా?

మేనకోడలు: కప్పమనట్లేదు. బోర్డు ఎవడు రాశాడో తెలియాలంటున్నాను. దొంగ సిగ్నల్‌తో లేని విమానాన్ని పుట్టించొచ్చని 2012లోనే బ్లాక్ హ్యాట్ అనే సైబర్ భద్రత సదస్సులో పరిశోధకుడు ఆండ్రీ కోస్టిన్ చెప్పాడు కదా.

మావయ్య: కంట్రోలర్ దాన్నొక్కదాన్నే నమ్ముకోడు. రాడార్ ఉంది, వీహెచ్‌ఎఫ్ రేడియోలో పైలట్‌ని అడుగుతాడు.

మేనకోడలు: వీహెచ్‌ఎఫ్‌లో మాట్లాడేది పైలటే అని రుజువేంటి?

మావయ్య: సరే, ఆ పాయింటు నీదే. కానీ పంపింది ఎవరో రుజువు చేసే డిజిటల్ సంతకం ఎక్కడ పెడతావు? మెసేజ్ మొత్తం 112 బిట్లు. అందులో విమానం అడ్రసుకి 24, అసలు సమాచారానికి 56, ప్రసారంలో వచ్చే తప్పులు పట్టడానికి ఇంకో 24. నమ్మదగిన డిజిటల్ సంతకానికే వందల బిట్లు కావాలి. రద్దీ ఎయిర్‌పోర్టుల దగ్గర ఆ ఫ్రీక్వెన్సీ ఇప్పటికే కిక్కిరిసింది.

మేనకోడలు: ముక్కలు చేసి కొన్ని మెసేజ్‌లలో పంపొచ్చు.

మావయ్య: ఒక ముక్క దారిలో పోతే? పైగా పాత విమానాలన్నిటికీ పరికరాలు మార్చాలి. ఎవరు మారుస్తారు?

మేనకోడలు: మన రన్‌వే నేవీది. వాళ్ల విమానాలు అవసరమైతే ఈ సిగ్నల్‌ని ఆపేసుకుంటాయి. మిగతావాళ్ల అడ్రసు మాత్రం ఎప్పుడూ అదే, ఎవడైనా వెంటపడొచ్చు. అమెరికాలో ప్రైవేట్ విమానాలకి తాత్కాలిక అడ్రసులిస్తున్నారు. ఇక విమానానికీ నేలకీ మధ్య మెసేజ్‌లు పంపే ఏకార్స్ సంగతి! 1978 నాటిది, ఇప్పటికీ చాలావరకు ఓపెన్ టెక్స్టే. ప్రయాణికుడికి ఒంట్లో బాలేదన్న కబురు కూడా అందులో పోతే ఎలా?

మావయ్య: అది తప్పే. కంపెనీకీ పైలట్‌కీ మధ్య మాట, దానికి తాళం వేసినా ఎవరికీ ఇబ్బంది లేదు. నా టెన్షన్ వేరు. ఏడీఎస్-బీ చెప్పే చోటు జీపీఎస్ నుంచి వస్తుంది. 2025లో ఢిల్లీ దగ్గర జీపీఎస్ స్పూఫింగ్, అంటే దొంగ జీపీఎస్ సిగ్నల్‌తో తప్పు చోటు చూపించడం, జరిగిందని ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకుంది. అప్పుడు పైలట్ నిజాయితీగా అబద్ధం చెబుతాడు. నీ సంతకం దాన్ని ఆపుతుందా?

మేనకోడలు: ఆపదు. జీపీఎస్ సిగ్నల్‌కీ సంతకం కావాలి. యూరప్ వాళ్ల సొంత జీపీఎస్ లాంటి గెలీలియో ఇప్పటికే ఇస్తోంది.

మావయ్య: ఇవ్వనీ. జీపీఎస్ అక్కర్లేకుండా విమానాన్ని రన్‌వే మీదికి దించే నేలమీది రేడియో పరికరం ఐఎల్‌ఎస్ మాత్రం పీకెయ్యమనకు.