పెరడు ఒకటే కావచ్చు, గూడు ఒకటి కాకూడదు

ఈమధ్య ఫోను తెరిస్తే చాలు, ఎవరిదో ఒకరి పెరట్లో నాటుకోళ్లు, బాతులు, గిన్నె కోళ్లు (గినీ ఫౌల్), టర్కీలు అన్నీ ఒకే తొట్టిలో మేత తింటూ, ఒకే రేకుల షెడ్డులో నిద్రపోతున్న వీడియోలు కనిపిస్తున్నాయి. వాటి కింద ‘మన పెద్దలు ఇలాగే పెంచారు, ఇదే సహజం’ అని ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. రాజాం దగ్గర మా ఊళ్లో ఏడేళ్లుగా ఇలాంటి మందనే సాకుతున్నవాడిగా, మూడు టర్కీలను పది రోజుల్లో వరసగా పూడ్చిపెట్టినవాడిగా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మా పెద్దలు ఇలా పెంచలేదు. మా నాయనమ్మ పెరట్లో ఉన్నవి నాటుకోళ్లు మాత్రమే. బాతులు చెరువుగట్టు ఇళ్లవాళ్ల దగ్గర ఉండేవి, టర్కీ అన్న మాటే ఆమె వినలేదు. పిల్లల తల్లిని ఆమె ఎప్పుడూ మందలో కలిపేది కాదు. ఒక్కో తల్లికి ఒక్కో వెదురు గంప ఉండేది. పొద్దున్న గంప ఎత్తి, నూకలు చల్లి, కాసేపు తిరగనిచ్చి, గద్ద నీడ పడగానే మళ్లీ మూసేది. చుట్టాలు కోడిని తెచ్చిస్తే దాన్ని పశువులశాల గుంజకు కాలికి తాడుతో కట్టి, వారం పదిరోజులు అక్కడే మేపి, అది సుబ్బరంగా తిరుగుతున్నదని నమ్మకం కుదిరాకే వదిలేది. ఇప్పుడు మనం పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని చెప్పుకునే జాగ్రత్తలన్నీ ఆ గంపలోనూ ఆ తాడులోనూ ఉన్నాయి. వాటిని వదిలేసి ఆమె పేరు మాత్రం వాడుకోవడమే నాకు నచ్చనిది.

నా టర్కీల సంగతి చెబుతాను. నాలుగు నెలల వయసులో వాటిని కొని, నేరుగా కోళ్ల మధ్య వదిలాను. రెండు నెలలు బాగానే ఉన్నాయి. ఒకరోజు ఒకటి రెక్కలు వేలాడేసి, తల దించుకుని, నిలబడినచోటే కళ్లు మూసుకుంది. దాని రెట్ట గంధకం రంగులో, పచ్చగా, నురగతో ఉంది. చుట్టూ తిరుగుతున్న కోళ్లకు మాత్రం ఏ నలతా లేదు కాబట్టి మేత పడలేదేమో అనుకుని పసుపు, వెల్లుల్లి పెట్టి ఊరుకున్నాను; అదే నేను చేసిన తప్పు. మూడోదీ చనిపోయాక పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే, ఆయన పొట్ట కోసి కాలేయం చూపించాడు. దాని మీద గుండ్రంగా, అంచులు లేచి, మధ్యలో గుంటపడిన మచ్చలు, మట్టి మీద చినుకులు పడి ఆరిన గుర్తుల్లా ఉన్నాయి. అది బ్లాక్‌హెడ్ అని, హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తుందని, దాన్ని మోసేది కోడి అంధనాళాల్లో, అంటే పేగు చివరి సంచుల్లో, ఉండే సన్నని ఏలికపాము అని ఆయన చెప్పాడు. ఆ పాము గుడ్లు కోడి రెట్టతో నేలలో పడి ఏళ్ల తరబడి బతుకుతాయి. వానపాముల ఒంట్లోకీ చేరతాయి. కోడికి సాధారణంగా పెద్దగా ఏమీ కాదు, టర్కీకి మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. అంటే మా ఇంటి కోళ్లు దశాబ్దాలుగా తిరిగిన నేలే నా టర్కీలకు విషమైంది, తెలియక దానికి డబ్బిచ్చింది నేనే. కోళ్లు తిరిగిన పెరట్లో టర్కీ వద్దని అప్పటినుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను.

బాతుల గొడవ వేరు. బాతు ముక్కు మునిగేటంత లోతు నీళ్లుంటే గాని ముక్కుపుటాలు శుభ్రం చేసుకోలేదు. చేసుకునేటప్పుడు నీళ్లన్నీ చుట్టూ చిమ్ముతుంది. గూట్లో పరిచిన ఊక ఒక్క రాత్రికే చిత్తడిగా మారుతుంది. ఆ తడిలో, మన వేడిలో, కోడిపిల్లలకు రక్త పారుడు తెచ్చే సూక్ష్మజీవులు చకచకా ముదురుతాయి. మూడు వారాల పిల్లలు ఈకలు ఉబ్బించుకుని, ఎర్రటి రెట్ట వేస్తూ ఒకదాని మీద ఒకటి గుమిగూడి వణకడం ఒక్కసారి చూసినవాడెవడూ బాతుల గిన్నెను మళ్లీ గూట్లో పెట్టడు. నేను దాన్ని అరటిచెట్ల మొదట్లో కంకర పరిచిన చోటికి మార్చాను, అరటి కూడా బాగుపడింది. ఇంకొకటి కూడా చెప్పాలి: ఆడబాతులు తక్కువైతే మగబాతు కోడిపెట్టల మీద పడుతుంది, పెట్టకు లోపల గాయమై చనిపోవచ్చు. ఆ వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అన్నిటికంటే ఎక్కువగా మన పెరళ్లను ఊడ్చేసేది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ అనే వైరస్ రోగం. 2022లో మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది గాని ఈ తెగులు మాత్రం మా చిరునామా మరిచిపోలేదు. మెడ తిప్పుకుని, ఆకుపచ్చగా పారుతూ కోళ్లు వరసగా రాలిపోతుంటే, పక్కనే బాతులు నిక్షేపంగా తిరుగుతుంటాయి కాబట్టి ‘కోళ్లకు దిష్టి తగిలింది’ అంటారు. బాతులు ఏ లక్షణమూ చూపకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లను చంపిన బర్డ్‌ఫ్లూ విషయంలోనూ బాతులది చాలావరకు ఇదే తీరు. నీటిపక్షులు వాలే ఊరి చెరువులో ఈది వచ్చిన బాతు రాత్రి కోళ్ల గూట్లో పడుకోవడం మంచిది కాదు.

కొక్కెర తెగులుకు టీకా ఉంది, ఖరీదైనదీ కాదు. మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. చిక్కల్లా సీసాతోనే. అది ఎక్కువగా ఫారాల లెక్కకు తయారవుతుంది. నాకు దొరికిన చిన్న సీసాయే నూరు కోళ్లకు సరిపోతుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అంతవరకు చల్లగా ఉంచాలి. పద్నాలుగు కోళ్లున్న ఇల్లాలు నూరు కోళ్ల మందు ఎందుకు కొంటుంది? కొనదు, కోళ్లు పోతాయి, మళ్లీ సంతలో కొంటుంది. పెరటి కోళ్ల గురించి ఇన్ని సభలు పెట్టేవాళ్లు పదిహేను కోళ్లకు సరిపడే సీసా గురించి ఒక్కసారైనా మాట్లాడితే బాగుండేది.

ఇంత చెప్పి నేను మాత్రం బాతుల్నీ గిన్నె కోళ్లనీ ఎందుకు ఉంచుకున్నానని అడగవచ్చు. గిన్నె కోళ్లు పురుగుల్ని ఏరి తింటాయి, ముంగిస వచ్చినా పాము వచ్చినా ఊరంతా లేచేలా అరుస్తాయి. ‘ఏటి బాబూ, రేత్రల్లా ఏటా గోల, మీ కోళ్లకి దెయ్యం గాని పట్టిందేటి?’ అని పక్కింటి మామ్మ రెండేళ్లు తిట్టింది. వాటి అరుపుకు లేచి తన గొడ్లశాలలో నాగుపామును చూసిన రోజు నుంచి ఆ తిట్లు ఆగాయి. బాతులు వరిమడిలో నత్తల్ని మిగల్చవు. మా బాతులు పొదగవు కాబట్టి వాటి గుడ్లను నాటుకోడి కింద పెడతాను. ఇరవై ఒక్క రోజులకు లేవాల్సిన ఆ తల్లి మరో వారం ఓపిగ్గా కూర్చుంటుంది. పిల్లలు మొదటిసారి కాలువలో దిగినప్పుడు అది గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ గొంతు చించుకుంటుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. కాబట్టి టర్కీల సంగతి పక్కనపెడితే, కలిపి పెంచవద్దని నేను అనడం లేదు. పగలు పెరడు అందరిదీ. రాత్రి గూళ్లు వేరు, నీళ్లు వేరు, పిల్లల తల్లికి గంప వేరు, సంత నుంచి వచ్చినదానికి కనీసం మూడు వారాలు శాలలో వేరే మూల.

సీసా చిక్కుకు మాకు దొరికిన ఉపాయం ఒక్కటే, వీధిలో నాలుగిళ్లు కలిసి కొనుక్కోవడం. వచ్చే ఆదివారం అందరి కోళ్లకూ రెక్క సూది వేయిస్తున్నాం. సూది వేసే కుర్రాణ్ని తెల్లవారకముందే రమ్మన్నాను, ఎందుకంటే గూటి తలుపు తీశాక గిన్నె కోళ్లు నేరుగా చింతచెట్టు ఎక్కుతాయి, కిందటిసారి వాటిని దించడానికి మధ్యాహ్నం అయింది, అప్పటికి సీసాలో మందు పనికిరాకుండా పోయింది.