ఆఖరి కాపీ ఎవరి దగ్గరుంది?

విజయవాడలో ఒక తెలుగు పుస్తకం అచ్చుకి వెళ్లే వారంలో రచయిత నుంచి ప్రెస్సు దాకా అందరూ అడిగే మాట ఒకటే: లేటెస్ట్ ఫైలు ఎవరి దగ్గరుంది? రచయిత దగ్గర వర్డ్‌లో ఒకటి ఉంటుంది, సంపాదకుడు గూగుల్ డాక్స్‌లో దిద్దింది ఇంకొకటి, సూర్యారావుపేటలో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని, చేసేవాళ్ల సిస్టంలో పేజ్‌మేకర్ ఫైలు మరొకటి, ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్నుతో దిద్దిన ప్రింటవుట్ల కట్ట ఇంకెక్కడో. జనవరి పుస్తక మహోత్సవానికి కొత్త టైటిళ్లు సిద్ధం చేసే డిసెంబరులో ఈ టెన్షన్ రెట్టింపవుతుంది. అన్నీ ఒకే పుస్తకం అంటాం గానీ ఆ వారం ఏ రెండు కాపీలు పక్కపక్కన పెట్టి చూసినా ఒకలా ఉండవు.

పాత ఫైలు పంపావనో, చూసుకోకుండా దాని మీదే దిద్దావనో ఎవరో ఒకరిని తిట్టేసి ముందుకెళ్లిపోతాం. కానీ ఒకే పత్రాన్ని నలుగురు నాలుగు చోట్ల దిద్దుతుంటే కాపీలన్నీ ఒకేలా ఉంచడం నిజంగానే కష్టమైన పని. 1968 డిసెంబరులో అమెరికన్ కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్ ఫ్రాన్సిస్కో వేదిక మీద కూర్చుని, దూరంగా మెన్లో పార్కులో ఉన్న సహచరుడితో కలిసి ఒకే పత్రం మీద పనిచేసి చూపించాడు. ఆ తర్వాత మామూలు మనుషుల చేతికి అది అందడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. గూగుల్ 2006లో రైట్లీ అనే చిన్న సంస్థను కొని దాన్నే డాక్స్‌గా మార్చింది, 2010లో ఎడిటర్ని కొత్తగా రాశాక గానీ ఒకరు కొట్టిన అక్షరం ఇంకొకరి తెర మీద అప్పటికప్పుడు కనిపించడం మొదలవలేదు.

ఎందుకంత కష్టమో ఒక చిన్న వాక్యంతో చూడొచ్చు. "రేపు సభ ఉంది" అని ఇద్దరి దగ్గరా ఉందనుకోండి. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తు, సున్నా, ఖాళీ కూడా విడివిడి అక్షరాలే కాబట్టి "రేపు" నాలుగు, ఖాళీతో ఐదు, చివర "ఉంది" తొమ్మిది నుంచి పన్నెండు దాకా. గుంటూరులో ఉన్నాయన ఐదో అక్షరం తర్వాత "ఉదయం" అని చేర్చి ఖాళీ పెట్టాడు. అదే క్షణంలో విజయవాడలో ఉన్నావిడ "ఉంది" అక్కర్లేదని తొమ్మిది నుంచి పన్నెండు దాకా తీసేసింది. ఆవిడ కాపీకి ఆయన మార్పు చేరితే "రేపు ఉదయం సభ" అని సరిగ్గానే వస్తుంది. ఆయన కాపీకి ఆవిడ మార్పు చేరేసరికి అక్కడ అక్షరాలు ఐదు స్థానాలు జరిగిపోయి ఉన్నాయి, తొమ్మిది నుంచి పన్నెండు తీసేస్తే మిగిలేది "రేపు ఉదయ ఉంది". సభే ఎగిరిపోయింది! ఒకరి ఫైల్లో సభ ఉంది, ఇంకొకరి ఫైల్లో లేదు, ఇద్దరూ తప్పేమీ చేయలేదు.

దీనికి 1989లో ఎలిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన దారి ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. అవతలి నుంచి వచ్చిన మార్పుని వచ్చింది వచ్చినట్టు అమలు చేయకుండా, ఈలోపు ఇక్కడ జరిగిన మార్పుల్ని లెక్కలోకి తీసుకుని దాని స్థానాలు సరిచేయాలి. మన ఉదాహరణలో తొమ్మిది పద్నాలుగవుతుంది, పన్నెండు పదిహేడవుతుంది, సభ బతికిపోతుంది. గూగుల్ డాక్స్ నడిచేది ఈ పద్ధతి మీదే, మధ్యలో సర్వర్ కూర్చుని ఎవరి మార్పు ముందో ఎవరిది వెనకో తేలుస్తుంది. 2011 నుంచి సీఆర్‌డీటీ అనే ఇంకో పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. దాన్ని పత్రాలకు వాడినప్పుడు స్థానాల లెక్కతో పని లేకుండా ప్రతి అక్షరానికీ సొంత గుర్తింపు ఇస్తారు, కాబట్టి మధ్యలో సర్వర్ లేకపోయినా, నెట్ పోయి గంటల తర్వాత వచ్చినా కాపీలు కలుస్తాయి. తీసేసిన అక్షరాల జాడ కూడా దాచుకోవాలి గనక ఫైలు బరువెక్కడం దీని ఖర్చు.

అయితే ఈ రెండు పద్ధతులూ హామీ ఇచ్చేది కాపీలు ఒకేలా ఉంటాయని మాత్రమే, సరిగ్గా ఉంటాయని కాదు. "అమావతి" అని ఎక్కడో ర పడిపోయింది. నెట్ లేని సమయంలో ఇద్దరు ప్రూఫ్ రీడర్లు ఎవరికి వారు ర చేర్చారు. నెట్ వచ్చాక రెండు మార్పులూ బుద్ధిగా కలిసిపోయి అన్ని కాపీల్లోనూ "అమరరావతి" అని తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అంతా సవ్యమే. ఆఖరిసారి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివే మనిషి ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

సరే, ఇంత పరిజ్ఞానం ఉచితంగా చేతిలో ఉన్నా మన పుస్తకాల కాపీలు ఎందుకు కలవవు? నా ఉద్దేశంలో అసలు గండి డీటీపీ గుమ్మం దగ్గరుంది. రచయితా సంపాదకుడూ పనిచేసేది యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ ఏ సిస్టంలోనైనా ఒకటే కోడ్ ఉండే పద్ధతిలో. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా చోట్ల పేజీలు కట్టేది అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. అను ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లే. ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని గుర్తులు కనిపించేది అందుకే. ఆ ఫైలుకీ గూగుల్ డాక్స్‌లో ఉన్న కాపీకీ ఏ సింకూ కుదరదు, వర్డ్ రివ్యూలో రెండు ఫైళ్ల తేడాలు చూపించే కంపేర్ కూడా పనిచేయదు, ఎందుకంటే కంప్యూటర్ వరకు ఆ రెండింట్లో ఒక్క తెలుగు అక్షరం కూడా ఉమ్మడిగా లేదు.

పైగా అసలైన దిద్దుబాట్లన్నీ జరిగేది ఆ గుమ్మం దాటాకే. పేజీలు కట్టి ప్రింటు చేతికొచ్చాక గానీ రచయిత కళ్లకు తన వాక్యం కనపడదు, పేరాలు మారతాయి, తేదీలు సరిచేస్తారు, రెండో ప్రూఫ్, మూడో ప్రూఫ్... అవన్నీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లోనే కొడతాడు. ప్రకాశం బ్యారేజీ దాటిన నీళ్లలా ఆ మార్పులు ఇక వెనక్కి రావు. రెండేళ్ల తర్వాత ఈబుక్ వేద్దామంటే చేతిలో ఉన్న యూనికోడ్ ఫైలు దిద్దుబాట్లు లేనిది, ప్రూఫ్ రీడర్ ఏరేసిన తప్పులన్నీ మళ్లీ పాఠకుడి ముందుకొస్తాయి. పోనీ పేజ్‌మేకర్ ఫైలునే కన్వర్టర్‌లో వేద్దామంటే వత్తులు తారుమారవుతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటల్ని కూడా అను అక్షరాలనుకుని పిచ్చి తెలుగుగా మార్చేస్తుంది, మళ్లీ మొత్తం ప్రూఫ్ చూడాల్సిందే. చూపు లేని పాఠకుడు ఫోనులో చదివించుకుని వినాలన్నా, ఎవరైనా పుస్తకంలో ఒక ఊరి పేరు వెతకాలన్నా కావాల్సింది యూనికోడ్ కాపీ. అదే మన దగ్గర ఎప్పుడూ ఒక మెట్టు కింద ఆగిపోయి ఉంటుంది.

ఇందులో ఆపరేటర్లని తప్పు పట్టడం అన్యాయం. వాళ్ల వేళ్లకి ఆ కీబోర్డు అలవాటు, చేతిలో పదుల కొద్దీ అక్షర రూపాలు, డబ్బులు పేజీ లెక్కన. కొత్త పద్ధతికి మారే నెలల్లో పోయే ఆదాయం ఎవరిస్తారు? కానీ దారి లేకపోలేదు. పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచే యూనికోడ్ తెలుగుని సరిగ్గా కూర్చగలదు. మండలి, రామభద్ర, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పుస్తకం లోపలి పేజీలకి సరిపోయే రకాలు ఇంకా తక్కువేనన్న ఫిర్యాదు న్యాయమైనదే, అయినా వచనానికి ఒక్క మంచి ఫాంటు చాలదా?

అంతవరకూ మారలేమంటే కనీసం ఒక పని చేయొచ్చు. మూల ప్రతి యూనికోడ్‌లో ఒకటే, అది ఒకే చోట ఉంటుంది అని మొదటి రోజే తేల్చుకోవాలి. ప్రూఫు మీద వచ్చిన ప్రతి దిద్దుబాటూ ముందు అందులో చేరాలి, తర్వాతే పేజీల్లోకి. వాట్సాప్‌లో ఫైళ్లు పంపుకోవడం మానేసి లింకు పంపుకోవాలి. ఒకే దిద్దుబాటు రెండుసార్లు కొట్టడం అదనపు పనే, దానికి కూలి కట్టాల్సింది ప్రచురణకర్త. పేజీకి ఇంత అని మాట్లాడుకునేటప్పుడే, అచ్చయిన పుస్తకంతో అక్షరం అక్షరం సరిపోయే యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వాలని, దానికి విడిగా ఇంత అని రాసుకుంటే సరిపోతుంది. ఈ డిసెంబరులో రాసుకునే కాగితాల్లోనే ఆ ఒక్క లైను చేర్చుకోవచ్చు.