నామినీ అయినంత మాత్రాన సొంతదారు అయిపోరు

నాన్న డీమ్యాట్ ఖాతాలో (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) నామినీగా, అంటే ఆయన పోయాక షేర్లు అందుకునే మనిషిగా, పెద్దకొడుకు పేరుంటే ఆ షేర్లన్నీ పెద్దకొడుకువేనని విజయవాడ, గుంటూరుల్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. అది తప్పు. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. షేర్లు నామినీ చేతికి వస్తాయి కానీ, వాటి మీద హక్కు వీలునామాను బట్టి, అది లేకపోతే వారసత్వ చట్టాన్ని బట్టి తేలుతుంది. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం కింద ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి కూడా సమాన వాటా ఉంటుంది.

‘అమ్మాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా’ అనే మాట మన వైపు ఎంత మామూలో అందరికీ తెలుసు. పెళ్లిలో ఏమిచ్చినా ఈ వాటా పోదు. దినకర్మ పూర్తయ్యీ కాకముందే ఆడపిల్లల ముందు అభ్యంతరం లేదనే కాగితం పెట్టి, అసలు ఎన్ని షేర్లున్నాయో, ఏ మ్యూచువల్ ఫండ్‌లో ఎంతుందో చెప్పకుండా సంతకం చేయమంటున్నారు. అన్నీ తెలిసి ఇష్టంగా వదులుకుంటే అది ఆమె నిర్ణయం, లెక్క చూపకుండా తీసుకునే సంతకం మాత్రం అన్యాయమే అంటున్నాం.

నాన్న ఫోన్‌కి ఓటీపీ వస్తోంది కదా అని ఆయన లాగిన్‌తోనే షేర్లు అమ్మేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. మనిషి పోయాక ఆయన పేరుతో లావాదేవీ చేసే అధికారం ఎవరికీ ఉండదు, రేపు మిగతా వారసులు ప్రశ్నిస్తే టెన్షన్ అంతా అమ్మినవాళ్లదే. మరణ ధ్రువపత్రం ఇచ్చి ట్రాన్స్‌మిషన్, అంటే షేర్లను పోయినవారి పేరు నుంచి తమ పేరుకు మార్పు, చేయించుకోవాలి. అలా వచ్చినందుకు పన్ను ఉండదు, తర్వాత అమ్మినప్పుడే లాభం లెక్క చూస్తారు, అదీ మామూలుగా నాన్న కొన్న ధర నుంచి, కొన్న తేదీ నుంచి, అందుకే ఆయన పాత కాగితాలు పారేయకండి.

నామినీ లేకపోతే తిప్పలు ఎక్కువ. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పూచీ బాండ్లు, విలువ పెద్దదైతే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఈ తిరుగుడుకు విసిగి వదిలేస్తే, డివిడెండ్లు వరసగా 7 ఏళ్లు ఎవరూ తీసుకోని షేర్లు కేంద్రం దగ్గరున్న ఐఈపీఎఫ్ అనే మదుపరుల నిధికి వెళ్లిపోతాయి. అక్కణ్నుంచి తెచ్చుకోవడం మరో ప్రయాస. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025లో నామినీల సంఖ్యను 10కి పెంచింది కాబట్టి, ఇంటి పెద్దలు భార్య పేరు, పిల్లలందరి పేర్లు ఇప్పుడే రాయించి, వీలునామా కూడా రాసిపెట్టాలి.

ఇక బ్రోకరు ఆఫీసులు, ఫండ్ సేవా కేంద్రాల సంగతి. భర్త పోయిన మనిషి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త కాగితం అడిగి తిప్పి పంపడం ఆపాలి. ఏమేం కావాలో మొదటి రోజే తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. దరఖాస్తు తిప్పికొడితే దానికి కారణమూ రాతపూర్వకంగానే ఇవ్వాలి.